ఇంటి ముచ్చటలు: మా సరమ దురద



కిందటి మాసమున ఈ పుటలలో చల్ల చిలుకుటను గూర్చి వ్రాయుచు, మా యింటి కుక్క పెరుగునకు దూరమైనదని ఒక మాట జార్చితిని. అంతమాత్రమునకే మీలో పలువురు జాబులు వ్రాసిరి. కుక్కకు పెరుగు పడకపోవుట యేమని కొందరు, తమ కుక్కయు రాత్రింబవళ్ళు గోకుకొనుచున్నదని కొందరు. ఒకామె తన కుక్కను ఊరి వెలుపల విడిచివచ్చుటకు ఇంటిలోనివారు నిశ్చయించిరనియు, తాను వారము దినముల గడువు వేడుకొంటిననియు వ్రాసినది. ఆ జాబు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అట్టి గడువు ఒకప్పుడు మా యింటను పెట్టబడినదే. కావున ఈ నెల చెప్పదలచిన ఊరగాయల సంగతి వెనుకకు నెట్టి మా సరమ కథనే చెప్పుచున్నాను.

మూడేండ్ల క్రిందట వానలో తడిసి బడి అరుగుపై ముడుచుకొని పడియున్న పిల్లను మా వారు చేతిసంచిలో పెట్టుకొని తెచ్చిరి. నాటుకుక్క, తెల్లని మేను, గోధుమవన్నె చెవులు. భారతమున ఆదిపర్వారంభమందు జనమేజయుని యజ్ఞశాలకు పోయిన కుక్కపిల్లను అతని తమ్ములు నిష్కారణముగా కొట్టుటయు, దాని తల్లి సరమ రాజున్నచోటికి వచ్చి బిడ్డ చేసిన తప్పేమని నిలదీయుటయు మీరెరిగినదే. చిన్ననాట మా తండ్రిగారు నాకా పర్వము చెప్పునప్పుడు, అంతటి రాజు నెదుర నోరు విప్పిన ఆ తల్లిపై నాకు మిక్కిలి గౌరవము కలిగెను. ఆ పేరే దీనికి పెట్టితిని. వైద్యశాల చీటిపై మాత్రము దానిని ‘శర్మ’ యని వ్రాసిరి. మా వారు మూడు దినములు నవ్విరి.

దానికి రెండేండ్లు నిండిన పిమ్మట, నిరుడు వానకాలమున దురద మొదలైనది. మొదట ముంగాళ్ళ వ్రేళ్ళ సందులను అదేపనిగా నాకుచుండెడిది. నాకి నాకి తెల్లని రోమములు తుప్పురంగు తిరిగినవి. పిదప చెవులు, చంకలు, పొట్ట. తోకమొదట వెండ్రుకలూడి చర్మము నల్లబడెను. చెవులనుండి పులిసిన పిండివంటి వాసన. రాత్రివేళ గోకుకొనునప్పుడు దాని కాలు తలుపుచెక్కకు తగిలి టకటకమను చప్పుడునకు ఇల్లంతయు మేల్కొనెడిది. చూచినవారందరును గజ్జియనిరి.

వైద్యునియొద్దకు పోకమునుపు నేను చేసిన పనులు దాచక చెప్పెదను. వేపనూనె రాచితిని. పసుపు అద్దితిని. వీథిలో ఒకాయన, బండినుండి తీసివేసిన కాలిన నల్లనూనె పూయుమనెను. వీథికుక్కలకట్లు పూయుట మీరును చూచియుందురు. ఆ నూనె చర్మమును కాల్చును. నాకినచో లోపలికి విషమగును. దానిని మా వారు గడప దాటనీయలేదు. నేను అంతకంటె తెలివిగల పని చేయుచున్నాననుకొని కొబ్బరినూనెలో కర్పూరము కరగించి పొట్టకు పూసితిని. దురదలకు మనము పిల్లలకు పూయునదే కదా! కుక్క తన మేను తాను నాకుకొనునను సంగతి నాకు తోచలేదు. కొంతసేపటికి చొంగ కార్చి, రెండుమారులు కక్కి, గోడవైపు మొగము త్రిప్పి పండుకొనెను. కర్పూరము కడుపులోనికి పోయినచో కుక్కలకు విషమని పిదప తెలిసినది. ఆ రాత్రి దానియొద్ద కూర్చుండి, జనమేజయుని తమ్ములను నిందించుటకు నాకేమి యధికారము కలదని తలచితిని.

తరువాత పశువులకు సూదులు వేయు ఒకాయనను పిలిపించితిమి. ఆయన పట్టభద్రుడు కాడు. అయినను చేయి మంచిదని పేరు. చూచీచూడకమునుపే ఒక సూది వేసెను. మరునాటికి దురద మంత్రించినట్లు మాయమయ్యెను! మూడు వారములు హాయిగా గడచినవి. మరల మొదలయ్యెను. మరల సూది. ఇట్లు మూడు సూదులైనవి. సరమ కుండెడు నీళ్ళు త్రాగుటయు, ఇంటిలోనే మూత్రము విడుచుటయు, ఎంత పెట్టినను ఆకలియని కంచముచుట్టు తిరుగుటయు ప్రారంభమయ్యెను. మేను ఉబ్బినది. మూడవ సూది రెండు వారములైనను పనిచేయలేదు. ఆ సూదిలోని మందు స్టెరాయిడు. అది చెడ్డమందని నేననను. తగిన మోతాదున, వైద్యుని కన్నుల యెదుట, కొలది దినములు వాడినచో ఎన్నో జీవులకు ఊరట నిచ్చునది. కారణమును వెదకకుండ మాటిమాటికి పొడుచుటయే తప్పు.

అప్పుడు అత్తగారు గడువు పెట్టిరి. “పసివాడు దానిని కౌగిలించుకొని పండుకొనుచున్నాడు. రేపు వానికిని అంటినచో ఎవరు చూతురు? కార్తికపున్నమి దాటకముందే దానిని ఎక్కడనైనను విడిచి రండి” అనిరి. ఆమె మాటలో న్యాయము లేదనలేను. కుక్కగజ్జిలో ఒకజాతి మనుష్యుల మేనికిని ప్రాకి దురద పుట్టించును. ఆ రాత్రి మా చిన్నవాడు సరమను పెరటిలోని కట్టెల కొట్టమునకు తీసికొనిపోయి దాచి, తానును అచ్చటనే గోనెపట్టాపై పండుకొనెను. తెల్లవారి వానిని లేపి తెచ్చునప్పుడు మా వారు నాతో నేమియు ననలేదు. ఆటో మాటలాడుటకు వీథిలోనికి పోయిరి.

పట్టణములోని పశువైద్యురాలు వయసున చిన్నది, మాట నెమ్మది. కుక్కను ముట్టకమునుపు నన్ను అరగంట ప్రశ్నించిరి. దురద ఏ నెలలో మొదలైనది? మొదట దురద వచ్చెనా, మొదట పొక్కులు వచ్చెనా? ఏ భాగమున ముందు? ఏడాది పొడవున నున్నదా, ఋతువును బట్టి హెచ్చి తగ్గునా? ఇంటిలో మనుష్యులెవరికైన దురదలున్నవా? వేరే జంతువులున్నవా? ఎక్కడ పండుకొనును? ఏమేమి తినును, ఎవరెవరు పెట్టుదురు? ఇదివరకు వేసిన మందులేవి? నేను కర్పూరపు సంగతి చెప్పుటకు సిగ్గుపడి మింగుకొనుచుండగా ఆమె కనిపెట్టి, “అమ్మా, పూసినది చెప్పుటకు సిగ్గేల? మీరు దాచినది నేను కనుగొనుటకు నెల పట్టును” అనిరి. అంతయు చెప్పితిని. సూదిమందు పేరు మాత్రము చెప్పలేకపోయితిని. ఖాళీ సీసానైన దాచియుంచలేదు.

కావున, సోదరీ, నీవు పోవునప్పుడు ఈ సంగతులు ఒక కాగితముపై వ్రాసికొని పొమ్ము. మందుల చీటీలు, ఖాళీ పెట్టెలు, బిస్కట్టు కాగితముతో సహా తీసికొని పొమ్ము. శుభ్రముగా కనబడవలెనని ముందుదినమున స్నానము చేయింపవద్దు. వైద్యుడు వెదకు గుర్తులు నీళ్ళతో కొట్టుకొనిపోవును. రాత్రి గోకుకొనునప్పుడు ఫోనులో బొమ్మ పట్టి చూపుము. వైద్యశాల బల్లపై భయముచేత కుక్కలు గోకుకొనవు, ‘ఈమె యెక్కువ చెప్పుచున్నది’ అనిపించును. పట్టభద్రులై రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదైనవారినే ఆశ్రయింపుము. 1984 నాటి చట్టము ఉద్దేశించినదియు నదే. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలో పశువైద్య కళాశాలలున్నవి. చిక్కురోగమైనచో అచ్చటికి పంపుడని మీ వైద్యునే అడుగవచ్చును.

ఆమె చెప్పిన మొదటి మాట నా మనసున నాటుకొన్నది. “దురద రోగము పేరు కాదు తల్లీ, జ్వరము వంటి గుర్తు. పురుగులవలన రావచ్చు, బూజువలన రావచ్చు, తిండివలన రావచ్చు, పీల్చు గాలివలన రావచ్చు. రెండు మూడు కలిసియు నుండవచ్చు. ఒకదాని తరువాత ఒకటి కొట్టివేయుచు పోవలెను. మీకు ఓపిక కలదా?”

తడిపిన తెల్లగుడ్డపై సరమ వెన్ను దువ్వి చూపించిరి. మిరియపు పొడివంటి నల్లని నలుసులు రాలి, క్షణములో వాని చుట్టు ఎర్రని మరక వ్యాపించెను. అది మట్టి కాదు. కుక్కమేన గెంతులాడు ఫ్లీ యను చిన్నపురుగు త్రాగి విసర్జించిన రక్తము. ఆ పురుగు లాలాజలము పడని కుక్కకు రెండు మూడు కాటులు చాలును, తోకమొదలెల్ల పుండు చేసికొనును. పురుగు కనబడలేదు గనుక లేదనరాదు. మేనిపై కనబడునవి కొన్నియే. గ్రుడ్లును పిల్లలును గోనెపట్టా మడతలలోను నేలపగుళ్ళలోను ఉండును, గూళ్ళలో నెలల తరబడి దాగియుండగలవు. పిమ్మట చర్మమును కత్తి మొనతో మెల్లగా గీకి సూక్ష్మదర్శినిలో చూచిరి. గజ్జిపురుగు కనబడలేదు. అది ఒక్కొక్కప్పుడు గీకినను దొరకదట. అందుచే ఫ్లీలను, పిడుదులను, గజ్జిపురుగును గూడ చంపు నెలకొక బిళ్ళ వ్రాసి యిచ్చిరి. చెవినుండియు కాలివ్రేళ్ళనుండియు తీసినదానిలో బూజు విరివిగా నున్నది. దానికి వారమున కొకమారు మందునీటి స్నానము. ఆ నురుగు పది నిమిషములు ఒంటిపై నిలువవలెను. కుక్కచర్మము మనదానివంటిది కాదు గనుక మన సబ్బులు పనికిరావు. ఆ దినము మాకు 1,350 రూపాయలు వెచ్చమైనది. మూడు సూదులకును ఆ మూడు నెలలలో అంతకు తక్కువ కాలేదని లెక్కపుస్తకము చూచి తెలిసికొంటిని.

ఇచ్చట ఎలర్జీ యను మాటను గూర్చి కొంచెము చెప్పవలెను. 1906లో వియన్నా నగరమున పిర్కే యను వైద్యుడు ఆ పేరు పెట్టెను. ఇంటి కావలివాడు చుట్టమును దొంగయని భ్రమించి కేకలు పెట్టి, కర్ర త్రిప్పి, ఇంటి సామానే పగులగొట్టినట్లు, శరీరము హానిలేని వస్తువును శత్రువనుకొని తన్ను తానే బాధించుకొనుట యది. 1941లో అమెరికాలో విట్టిచ్ అను వైద్యుడు ఒక కుక్కకు పుప్పొడివలన ఏటేట వచ్చు ఈ వ్యాధిని గూర్చి వ్రాసెను. మనకు తుమ్ములుగా వచ్చునది కుక్కకు ఎక్కువగ చర్మముపై దురదగా వచ్చును. ఇంటిదుమ్ములోని కంటికానని పురుగులు, బూజు, పుప్పొడి పడనిచో సామాన్యముగ ఆరు నెలలకును మూడేండ్లకును నడుమ మొదలగును. మన పూర్వులు శాలిహోత్రుని పేర అశ్వములకును, పాలకాప్యుని పేర ఏనుగులకును వైద్యశాస్త్రములు నిలిపిరి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసము చెప్పెను. పెరటికుక్కకు అట్టి గ్రంథము మా తండ్రిగారి పెట్టెలో నాకు దొరకలేదు. రాజునకు పనికివచ్చు జంతువునకే వైద్యుడు ముందు పుట్టునేమో!

నెల గడచెను. గోనెపట్టాలు మరుగునీట ఉడికించి ఎండబెట్టితిని. కట్టెల కొట్టము ఊడ్చి కడిగితిని. తోకమొదట వెండ్రుకలు మొలిచినవి, చెవి వాసన పోయెను. ఇంటిలో నెవరికిని దురద అంటలేదు. పున్నమియు దాటెను; గడువు మాట అత్తగారెత్తలేదు, మేమును జ్ఞాపకము చేయలేదు. కాని కాళ్ళు నాకుటయు పొట్ట యెర్రదనమును సగమే తగ్గినవి. ఈలోపల సూదిమందు ప్రభావము దిగిపోవుటయు మంచిదయ్యెను. అది ఒంటిలో నున్నంతకాలము ఏ పరీక్షయు నిక్కము చెప్పదట. ఇక తిండిని పరీక్షింపవలెననిరి.

రక్తపరీక్ష చేయింపరాదా యని మా వారడిగిరి. తిండి పడకపోవుటను తేల్చుటకు రక్తపరీక్షలను నమ్మరాదనియు, ఎనిమిది వారములపాటు అంతకుముందెన్నడును తినని తిండిని మాత్రమే పెట్టి చూచుట యొక్కటే మార్గమనియు ఆమె చెప్పిరి. సరమ మా యింట తినునది అన్నము, పెరుగు, పాలబిస్కట్టు. ప్రక్కింట గ్రుడ్డు, చేపముల్లు. ఇక నెన్నడును తిననిది చిలగడదుంపయు మేకమాంసమును. ప్రత్యేకముగా చేసిన తిండి సంచులలో అమ్ముదురు గాని ఆ వెల బడిపంతులుగారి జీతమునకు మించినది.

మాంసము! మా యింట ఆ మాట పలుకుటకే అత్తగారు ఆచమనము చేయుదురు. నేను సందిగ్ధములో పడియుండగా ప్రక్కింటి వదినగారు సంగతి విని వచ్చిరి. “వదినా, మీ మడి నాకు తెలియనిదా? దుంప మీరు ఉడికించుడు, మాంసము నేనుడికించి గోడమీదుగా నందింతును. కంచము పెరటిలోనే యుండును” అనిరి. ఎనిమిది వారములని తలపెట్టినది పదుమూడైనను ఆమె ఒక్క దినము తప్పలేదు. ఉప్పు వేయలేదు, ఉల్లి వెల్లుల్లి అసలే తగులనీయలేదు. ఉల్లిజాతి కుక్కరక్తమునకు చెరుపు. ఈ తిండి ఎదిగిన కుక్కకు పరీక్షాకాలమున చెల్లును గాని, పిల్లలకును, ఏడాది పొడవునను చాలదు. అందు సున్నపుధాతువు మొదలగునవి లోపించును. వైద్యుని యడుగక మీరు ప్రారంభింపవద్దు.

మా వారు కాలెండరులో దినమున కొక గీత గీచిరి. మూడవ వారమునకు కాళ్ళు నాకుట తగ్గినది. నాలుగవ వారమున సరమ రాత్రియంతయు కదలక నిద్రించెను. టకటకమను చప్పుడు లేకపోవుటచే నాకే మెలకువ వచ్చినది. అయిదవ వారమున ఒక తెల్లవారుజామున మరల ఆ చప్పుడు.

చిన్నవానిని గద్దించితిని. బిస్కట్టు పెట్టలేదని వాడేడ్చెను. వదినగారిని అడుగుటకు మనసొప్పలేదు. రెండు దినములకు, మధ్యాహ్నము నిద్రనుండి లేచి నీళ్ళకై పోవుచు పెరటితలుపు సందునుండి చూచితిని. అత్తగారు తులసికోట వెనుక పీటపై కూర్చుండి, తన కంచములోని చివరి పెరుగన్నపు ముద్దను చేతితోనే సరమ నోటికందించుచున్నారు. “నోరు లేని జీవమా! నెలయైనది పెరుగు మొగము చూచి. మాంసమట మాంసము. మా యింటి పిల్లకు పెరుగన్నము లేకున్న నిద్ర యెట్లు పట్టునే?” అని దాని తలపై చేయి వేసి మాటలాడుచున్నారు. పున్నమిలోపల విడిచిరండన్న అత్తగారే!

నేను చప్పుడు చేయక వెనుకకు వచ్చితిని. సాయంకాలము మా వారితో చెప్పగా, ఆయన కాలెండరువంక చూచి, పాత గీతలను కొట్టివేసి, మరుదినమునుండి మరల ఒకటవ గీత మొదలిడిరి. అత్తగారికి నేను చెప్పినది ఒక్కటే: “మీ చేతి ముద్దయే దానిని బాధించునేమో యని డాక్టరమ్మ సందేహము. కాదని తేలినచో ముందుగా మీరే పెట్టుదురుగాని.” ఆమె చాలసేపు పలుకలేదు. ఆ తరువాత కాలెండరు కడ దినదినమును నిలిచి లెక్కించినది ఆమెయే.

ఎనిమిది వారములు నిండెను. సరమ మేను నున్ననయ్యెను. అప్పుడు పరీక్షలో ముఖ్యమైన భాగము. పాత తిండిలోని వస్తువులను ఒక్కొక్కటిగా మరల పెట్టి చూడవలెను. దురద మరల వచ్చినగాని తిండివలననే తగ్గినదని తేలదు. అన్నము రెండు వారములు పెట్టితిమి, ఏమియు కాలేదు. గ్రుడ్డు పెట్టితిమి, కాలేదు. పెరుగు పెట్టిన రెండవనాటి రాత్రి టకటక మొదలయ్యెను. మాని వేయగా పది దినములకు తగ్గెను. దానితో సంగతి తేలినది.

అంతయు తేలలేదని గూడ చెప్పవలెను. ఈ వానలలో సరమ మరల కాళ్ళు కొంచెము నాకుచున్నది. ఇంటిదుమ్మో, బూజో కొంత పడదేమో యని డాక్టరమ్మ యనిరి. హెచ్చినచో దానికిని మందులున్నవి. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఓక్లాసిటినిబ్ యను బిళ్ళ యున్నది, అది కొద్ది గంటలలోనే దురదను తగ్గించును. పడని వస్తువునే చిన్న మోతాదులుగా ఎక్కించి ఒంటికి అలవాటు చేయు సూదులున్నవి, వానికి ఒక్కొక్కప్పుడు ఏడాది పట్టును. ప్రస్తుతము కాళ్ళు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుటయే చాలుననిరి. మనము జలుబునకు మ్రింగు ఎలర్జీ బిళ్ళలు కుక్కల దురదకు అంతగా పనిచేయవట. మన మందులపెట్టెలోనివి ఏవియు అడుగక పెట్టరాదు.

పిల్లులున్న యిండ్లవారికి ఒక మాట. కుక్కల ఫ్లీలకై అమ్ము చుక్కలమందులలో పెర్మెత్రిన్ అనునది కలది పిల్లికి ప్రాణాంతకము. ఒక పారాసెటమాల్ బిళ్ళయు అంతే. మరియు, తేనెటీగ కుట్టిన పిదప గాని, మందు వేసిన పిదప గాని మొగము వాచి, ఊపిరి యాడక, కూలబడినచో నా వ్యాసము చదువుచు కూర్చుండక తక్షణము వైద్యునియొద్దకు పరుగెత్తవలెను.

గడువు వేడుకొన్న సోదరికి వేరుగా జాబు వ్రాసితిని. ఆమె కుక్కకు పెరుగే కారణమని నేననలేదు. తెల్లగుడ్డ తడిపి దువ్వి చూడుమంటిని. ఎర్రమరక వచ్చినదనియు, బుధవారము వైద్యశాలకు పోవుచున్నాననియు నిన్న ప్రత్యుత్తరము వచ్చెను.

ఇప్పుడు మా అత్తగారు పెరుగన్నము తినువేళ వంటింటి తలుపు గడియ వేసికొనుచున్నారు. సరమ తలుపు వెలుపల ముక్కు సందున పెట్టి కూర్చుండును. లోపలినుండి ఆమె, తిన్నంతసేపును, దానితో మాటలాడుచునే యుందురు.